పాత బోర్డు ఆటలు, ఇంటి నియమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులకో సంక్రాంతికో ఇల్లు నిండగానే క్యారమ్ బోర్డు, లూడో అట్ట, గవ్వల సంచి అటక మీది నుంచి దిగుతాయి. వాటి వెంటే "మీ ఇంట్లో దీనికి ఏ నియమం?" అనే ప్రశ్న కూడా దిగుతుంది. మా కాలనీలో కొన్నేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలనూ పెద్దలనూ కూర్చోబెట్టి ఈ ఆటలు ఆడిస్తున్నాను. ప్రతి కొత్త జట్టూ అవే సందేహాలు అడుగుతుండటంతో జవాబులను ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న కావాలంటే దాన్ని నేరుగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఇంటి నియమాలు పెట్టుకోవడమంటే ఆటను పాడుచేయడమే కదా?

కాదు. ఈరోజు మనం అసలైనవని నమ్ముతున్న నియమాలలో చాలావాటిని ఒకప్పుడు ఆడేవాళ్ళే మార్చుకున్నారు. చదరంగంలో మంత్రి 15వ శతాబ్దం చివరి వరకు ఏటవాలుగా ఒక్క గడి మాత్రమే కదలగలిగిన బలహీనమైన పావు. ఐరోపాలో దానికి బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళే శక్తినిచ్చాక ఆట స్వభావమే మారిపోయింది. మన పచ్చీసులోని గవ్వలను తీసేసి, ఒక పాచికతో ఆడేలా కుదించి, ఇంగ్లండులో 1896లో లూడో పేరుతో పేటెంటు తీసుకున్నారు. మోనోపోలీకి మూలమైన ఆటకు అమెరికాలో ఎలిజబెత్ మేగీ 1904లో పేటెంటు పొందారు. స్థలాలన్నీ ఒకరి చేతిలో పడితే మిగిలినవారు అద్దెలు కట్టలేక ఎలా చితికిపోతారో చూపడం ఆమె ఉద్దేశం. ఆ ఆట చేతులు మారుతూ అట్లాంటిక్ సిటీకి చేరింది. అక్కడి క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు బోర్డు మీద తమ ఊరి వీధుల పేర్లు రాసుకున్నారు, 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ అమ్మకానికి పెట్టిన బోర్డు మీద ఉన్నవి ఆ పేర్లే.

మా ఊళ్ళో అష్టా చెమ్మా ఒకలా ఆడతాం, మా అత్తగారి ఊళ్ళో ఇంకోలా ఆడతారు. ఏది అసలైనది?

రెండూ అసలైనవే. అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని, పెద్దవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్న ఆట కనుక దానికి ఒకే నియమావళి ఏర్పడలేదు. చాలా ఊళ్ళలో ఉమ్మడిగా కనిపించేది ఇంతే: ఐదు వరుసలుగా 25 గళ్ళు, నాలుగు గవ్వలు, నలుగురు ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు, కాయ వెలుపలి 16 గళ్ళను చుట్టి, లోపలి 8 గళ్ళను ఎదురుదిశలో తిరిగి, నడిమి గడిలో పండుతుంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది.

ఇక్కడి నుంచి దారులు చీలిపోతాయి. కాయ బయలుదేరడానికి అష్టా గాని చెమ్మా గాని పడి తీరాలా, మొదటి కాయకు ఆ షరతు ఉండదా? ఎవరినీ చంపకుండా లోపలి చుట్టులోకి వెళ్ళవచ్చా? అష్టా, చెమ్మాలు వరుసగా మూడుసార్లు పడితే చెల్లుతాయా, మురిగిపోతాయా? ఒకే గడిలో ఒకరివే రెండు కాయలు జోడుగా నిలిస్తే ఎదుటివారి ఒంటికాయ వాటిని చంపగలదా? పండడానికి లెక్క కచ్చితంగా సరిపోవాలా? కొత్తవారితో కూర్చునేటప్పుడు ఈ ఐదింటికీ గవ్వలు చేతికి తీసుకోకముందే జవాబు చెప్పుకుంటే, ఆ తర్వాత వచ్చే గొడవల్లో ముప్పాతిక వంతు రావు.

పెట్టెలో వచ్చిన నియమాల కాగితం చదవకుండానే మార్చేస్తే తప్పేమిటి?

తప్పేమీ లేదు గానీ, అప్పటికే ఆటలో ఉన్న మందును పారేసి కొత్త మందు కోసం వెతికినట్టవుతుంది. మోనోపోలీలో ఎవరైనా ఒక స్థలం మీద ఆగి దాన్ని కొననంటే, బ్యాంకు వెంటనే ఆ స్థలాన్ని అందరి మధ్య వేలం వేయాలన్నది కాగితంలో ఉన్న నియమం. ఇది తెలియక, కొనని స్థలాన్ని అలాగే వదిలేసి పాచిక పక్కవారికి ఇచ్చేసే ఇళ్ళే నాకు ఎక్కువగా కనిపించాయి. వేలం లేకపోతే స్థలాలు అమ్ముడుపోవడానికే గంట పడుతుంది, ఆ తర్వాత "ఈ ఆట సాగదీతగా ఉంది" అని దాన్ని మార్చడానికి కూర్చుంటారు. ఒక్కసారైనా కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఆడి, విసుగు ఎక్కడ పుట్టిందో చూసిన తర్వాతే చేయి పెట్టడం మంచిది.

ఇంటి నియమాలకు అలవాటు పడితే పిల్లలు పోటీల్లో దెబ్బతినరా?

ఏ నియమం ఇంటిదో, ఏది పోటీలదో పిల్లలకు విడదీసి చెప్పినంత కాలం దెబ్బతినరు. మన దేశంలో చాలాకాలం ఆడిన చదరంగంలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది, ఇతర పద్ధతులూ అంతర్జాతీయ నియమాలకు భిన్నంగా ఉండేవి. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఆ దేశీయ చదరంగంలోనే పెరిగి, యౌవనంలో అంతర్జాతీయ నియమాలు నేర్చుకుని, 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అయితే పోటీ దగ్గర పడిన నెలలో ఇంట్లో కూడా పోటీ నియమాలతోనే ఆడించాలి.

## ఏమి మార్చాలో తేల్చుకునేటప్పుడు

లూడోలో ఆరు పడక పది నిమిషాలు ఊరికే కూర్చోవాల్సి వస్తోంది. ఏం చేయాలి?

ఇది మీ దురదృష్టం కాదు, ఆటలోనే ఉన్న లోపం. ఆరు పడితేనే కాయ బయటికి వస్తుందన్న నియమంతో ఒక ఆటగాడికి వరుసగా పది వంతులు ఆరు పడకపోయే అవకాశం సుమారు 16 శాతం. నలుగురు కూర్చున్నప్పుడు వారిలో కనీసం ఒకరికి ఈ గతి పట్టే అవకాశం దాదాపు 50 శాతం. అంటే రెండు ఆటలలో ఒకదానిలో ఎవరో ఒకరు ముఖం వేలాడేసుకుని కూర్చోక తప్పదు. సాధారణంగా అది ఇంట్లోకెల్లా చిన్నపిల్లే అవుతుందని అనిపించడానికి కారణం, పెద్దవాళ్ళు ముఖం వేలాడేయకపోవడమే.

ఆరుతో పాటు ఒకటి పడినా కాయ బయటికి రావచ్చని మారిస్తే, ఒక ఆటగాడు పది వంతులు చిక్కుకుపోయే అవకాశం 2 శాతం కంటే తక్కువకు పడిపోతుంది. నాకు ఇంకా నచ్చిన మార్పు, ప్రతి ఒక్కరి ఒక కాయను మొదటి నుంచే బయట నిలపడం. అప్పుడు ఆరు విలువ తగ్గదు, ఎందుకంటే మిగిలిన మూడు కాయలకు అది కావాలి. కానీ ఏ వంతూ వృథా కాదు. మూడు ఖాళీ వంతుల తర్వాత కాయ దానంతట అదే బయటికి వస్తుందన్న పద్ధతి కూడా విన్నాను గానీ, ఎవరికి ఎన్ని ఖాళీ వంతులు గడిచాయన్నదే కొత్త తగాదా అవుతుంది.

అష్టా చెమ్మాలో 'ఒక కాయనైనా చంపితేనే లోపలికి' అన్న నియమం ఉంచాలా, తీసేయాలా?

ఉంచాలి, కానీ దానికి ఒక తలుపు పెట్టాలి. ఈ నియమం లేకపోతే అందరూ ఎవరి దారిన వారు నడుచుకుంటూ పోతారు, ఆట పరుగు పందెంగా మారి పస తగ్గుతుంది. ఉంటే మాత్రం మరో ఇబ్బంది వస్తుంది. ఒక సంక్రాంతి మధ్యాహ్నం మా అరుగు మీద తొమ్మిదేళ్ళ అబ్బాయి తన నాలుగు కాయలలో మూడింటిని లోపలి చుట్టు వాకిట్లోకి తెచ్చి నిలిపాడు. అతడు ఒక్క కాయను చంపితే చాలు, మూడూ లోపలికి వెళ్ళిపోతాయి. అది తెలిసిన మిగిలిన ముగ్గురూ తమ కాయలను, చంపడానికి వీలులేని, గీతలు కొట్టిన కోట గళ్ళలో కూర్చోబెట్టి, అతడి కాయల ముందుకు ఒక్కటీ రాకుండా, చిన్న చిన్న అంకెలను వెనక కాయల మీద ఖర్చు పెడుతూ వచ్చారు. వాకిట్లో ఉన్న కాయలు కదలలేవు, నాలుగో కాయకు దెబ్బకొట్టే దూరంలో ఎవరూ లేరు. నలభై నిమిషాలు గడిచాక ఆ అబ్బాయి గవ్వలను బోర్లించి, తనకు ఆకలేస్తోందని చెప్పి లేచాడు. ఆకలి వేయలేదని అక్కడున్న అందరికీ తెలుసు.

ఆ తర్వాత మేము ఒక వాక్యం చేర్చాము: ఎవరినీ చంపకపోయినా, అష్టా పడితే ఆ ఎనిమిదిని కదలడానికి వాడుకోకుండా, దాన్నే సుంకంగా కట్టి లోపలి చుట్టుకు అనుమతి కొనుక్కోవచ్చు. అష్టా అరుదుగా పడుతుంది కనుక చంపడమే తేలికైన దారిగా మిగిలింది. తప్పించుకుని కూర్చున్నవారికి మాత్రం, ఎదుటివాడు ఎప్పటికైనా లోపలికి వెళ్ళిపోగలడన్న భయం వచ్చి, కోటల్లో నుంచి కాయలు కదలడం మొదలైంది. ఇద్దరే ఆడేటప్పుడు ఈ సుంకాన్ని చెమ్మాకు కూడా వర్తింపజేస్తే మంచిది, ఎందుకంటే బోర్డు మీద కాయలు తక్కువై చంపే అవకాశాలే తక్కువగా వస్తాయి.

గవ్వలు దొరకలేదు. పాచికతో గాని చింతపిక్కలతో గాని ఆడితే తేడా వస్తుందా?

చింతపిక్కలతో పెద్ద తేడా రాదు, పాచికతో చాలా వస్తుంది. చింతపిక్కను గరుకు బండ మీద ఒక వైపు తెల్లగా తేలేవరకు అరగదీస్తే అది గవ్వలాగే రెండు ముఖాలతో పనిచేస్తుంది. నాలుగింటినీ ఒకే మందానికి అరగదీయడమే ఇందులో ఉన్న శ్రమంతా.

ఒక్కో గవ్వ వెల్లకిలా, బోర్లా పడడానికి సమానమైన అవకాశం ఉందనుకుంటే, నాలుగు గవ్వలు పడే తీరులు 16 ఉంటాయి. వాటిలో రెండు ఆరుసార్లు, ఒకటి నాలుగుసార్లు, మూడు నాలుగుసార్లు, చెమ్మా ఒకసారి, అష్టా ఒకసారి వస్తాయి. సగటున వంతుకు రెండున్నర గళ్ళ నడక. పాచికలో ఆరు అంకెలకూ సమానమైన వాటా, సగటు మూడున్నర. కనుక పాచికతో ఆడితే ఆట త్వరగా ముగుస్తుంది గానీ, గవ్వల ఆటలోని ముఖ్యమైన ఎత్తుగడ ఒకటి పోతుంది. శత్రువు కాయకు సరిగ్గా రెండు గళ్ళ ముందు నిలబడడం గవ్వల ఆటలో కొరివితో తల గోక్కోవడమే, ఎందుకంటే రెండు పడే అవకాశం 16లో 6. పాచికలో అది ఆరింటిలో ఒకటి మాత్రమే. గవ్వల మీద పెరిగిన పెద్దవాళ్ళు ఆ రెండో గడిని లెక్క వేయకుండానే తప్పించుకుపోతుంటారు.

నిజమైన గవ్వలు అంత సమంగా పడవు. మీ గవ్వలను వందసార్లు వేసి, ఒక్కో అంకె ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టి చూడండి; అష్టా మరీ తరచుగా పడుతుంటే ఆ గవ్వలకు దాని విలువ తగ్గించుకోవచ్చు.

మోనోపోలీ మూడు గంటలైనా తెమలడం లేదు. ఎలా తగ్గించాలి?

ముందుగా మీ ఇంట్లో చేర్చుకున్న అదనపు డబ్బు దారులను మూసేయాలి. జరిమానాలూ పన్నులూ బోర్డు మధ్యలో కుప్పగా పోసి, 'ఫ్రీ పార్కింగ్' గడిలో ఆగినవారికి ఇచ్చేయడం ప్రపంచమంతటా ఉన్న ఇంటి నియమం. కాగితం ప్రకారం ఆ గడిలో ఏమీ జరగదు. ఎవరో ఒకరు దివాలా తీయడం మీదే ఆట ముగింపు ఆధారపడి ఉంది. జరిమానా డబ్బు బ్యాంకుకు పోతే ఆటగాళ్ళ చేతుల్లోని సొమ్ము తరుగుతుంది, కుప్పగా మారి తిరిగి ఎవరి చేతికో వస్తే దివాలా వాయిదా పడుతుంది. 'గో' గడి మీద సరిగ్గా ఆగినవారికి 200 బదులు 400 ఇవ్వడం కూడా ఇలాంటిదే. ఇవి సరదాగా ఉంటాయన్న మాట నిజం, కానీ ఆ సరదాకు గంట సమయం ధర చెల్లిస్తున్నామని తెలిసి ఆడాలి.

వాటిని తీసేశాక కూడా నిడివి తగ్గకపోతే, ఆట మొదట్లోనే స్థలాల పత్రాలను తలా రెండు పంచి, వాటి ధర బ్యాంకుకు కట్టించండి. గంటన్నరకు అలారం పెట్టుకుని, అది మోగిన చుట్టు పూర్తయ్యాక చేతిలోని నగదు, స్థలాల అచ్చు ధర, ఇళ్ళకు పెట్టిన ఖర్చు కూడి ఎక్కువ ఉన్నవారిని విజేతగా ప్రకటించండి. పెట్టెలో ఉన్న 32 ఇళ్ళు, 12 హోటళ్ళు అయిపోతే మాత్రం చీటీలతో కొత్త ఇళ్ళు సృష్టించకండి. ఆ కొరత కావాలని పెట్టిందే, దాని కోసమే తెలివైన ఆటగాళ్ళు హోటళ్ళు కట్టకుండా ఇళ్ళను పట్టుకుని కూర్చుంటారు.

పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి ఆడితే పిల్లలు ఎప్పుడూ ఓడిపోతున్నారు. కావాలని ఓడిపోవడం తప్ప మార్గం లేదా?

ఉంది, అది మేలైనది కూడా. కావాలని ఓడిపోతే పిల్లలు పట్టేస్తారు, ఒకసారి పట్టేశాక నిజంగా గెలిచినా నమ్మరు. దానికి బదులు బలమైనవారి మీద ముందే చెప్పి భారం మోపాలి. చదరంగంలో తండ్రి తన మంత్రిని గాని ఏనుగును గాని తీసేసి ఆడవచ్చు. ఆ తర్వాత ఎత్తులన్నీ నిజాయితీగానే వేస్తాడు. క్యారమ్స్‌లో పెద్దవారు ఎడమ చేత్తో కొట్టవచ్చు, లేదా గోడకు తగిలి వచ్చిన కాయిన్లే లెక్కకు రావచ్చు.

పోటీ ఆటలలో కూడా ఇలాంటి సర్దుబాటు ఉంది. నలుపు తెలుపు రాళ్ళతో ఆడే గో అనే బోర్డు ఆటలో నల్ల రాళ్ళవారు మొదట ఆడతారు కనుక వారికి కలిగే మొగ్గును సరిచేయడానికి జపానులో 1930లలో తెల్ల రాళ్ళవారికి పరిహారపు పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అనుభవం మీద దాన్ని పెంచుతూ వచ్చి ఇప్పుడు ఆరున్నర దగ్గర నిలిపారు, అర పాయింటు ఆట సమం కాకుండా ఉండడానికి. మీ ఇంట్లో కూడా భారాన్ని ఒకసారి నిర్ణయించి వదిలేయకుండా, పిల్ల వరుసగా మూడు ఆటలు గెలిస్తే ఒక మెట్టు తగ్గించండి. ఏనుగు భారం గుర్రానికి దిగిన రోజున ఆ పిల్ల ముఖం చూడాలి.

పులి–మేకలో ఎప్పుడూ పులులే గెలుస్తున్నాయి. మేకలను పెంచాలా?

వెంటనే పెంచకండి. 23 బిందువుల పటం మీద 3 పులులు, 15 మేకలతో ఆడే ఆటలో మేకలవైపు ఆడడం నేర్చుకోవడానికి సమయం పడుతుంది. కొత్తవారు మేకలను పులుల పక్కన, వెనక ఖాళీ ఉన్న బిందువుల్లో పెట్టి బలి ఇస్తారు. ముందు ప్రతి ఆటకూ పక్షాలు మార్చుకుని పది ఆటలు ఆడి, ఇద్దరి చేతిలోనూ పులులే గెలుస్తున్నాయా అని చూడాలి. అలాగే గెలుస్తుంటే, పులి ఒకే వంతులో వరుసగా రెండు మేకలను దూకవచ్చన్న నియమం మీ ఇంట్లో ఉందేమో చూసి, ఉంటే తీసేయండి. ఆట తీరును అంతగా మార్చే నియమం ఇందులో మరొకటి లేదు. అప్పటికీ సరిపోకపోతే 16వ మేకను చేర్చండి.

వైకుంఠపాళిలో ఆలోచించడానికే ఏమీ లేదు. పెద్ద పిల్లలు విసుక్కుంటున్నారు. ఏం చేయవచ్చు?

నిచ్చెనలూ పాములూ పుణ్యపాపాల ఫలాలుగా గీసిన పటం అది. ఆటగాడి నిర్ణయానికి చోటు లేకపోవడం దాని భావంలోనే ఉంది. నిర్ణయం కావాలంటే ఒక్కొక్కరికి రెండు కాయలిచ్చి, పడిన అంకెను ఏ కాయ మీద నడపాలో ఎంచుకోమనండి. ఈ ఒక్క మార్పుతో ప్రతి వంతులోనూ ఒక ఎంపిక పుడుతుంది: వెనక కాయతో నిచ్చెన ఎక్కాలా, ముందు కాయను పాము నోటి దగ్గర నుంచి దాటించాలా?

మా పిల్లలు దీనికి 'పుణ్యం' అని ఒక గింజను చేర్చారు. నిచ్చెన దగ్గరకు చేరినప్పుడు ఎక్కకుండా ఆగిపోతే ఒక గురివింద గింజ చేతికి వస్తుంది. తర్వాత పాము నోట్లో పడ్డప్పుడు ఆ గింజ ఇచ్చి తప్పించుకోవచ్చు. పటం పైవరుసల్లోని పెద్ద పాము కోసం గింజలు దాచుకునేవారు, దొరికిన నిచ్చెనల్లా ఎక్కేసేవారు అని పిల్లలు రెండు వర్గాలుగా విడిపోయారు.

చదరంగంలో ఓపెనింగులు (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుసలు) కంఠస్థం చేసినవాడే గెలుస్తున్నాడు. దీనికి విరుగుడు ఉందా?

ఉంది, దాన్ని మాజీ ప్రపంచ ఛాంపియనే ప్రతిపాదించాడు. బాబీ ఫిషర్ 1996లో బ్యూనస్ ఏర్స్‌లో ప్రకటించిన పద్ధతిలో బంట్లు మామూలు చోటే ఉంటాయి, వెనక వరుస పావులను మాత్రం చీట్లు వేసి అమరుస్తారు. రెండు షరతులున్నాయి: రెండు శకటాలు వేర్వేరు రంగుల గళ్ళలో ఉండాలి, రాజు రెండు ఏనుగుల మధ్య ఉండాలి. ఒక శకటానికి 4 చోట్లు, రెండోదానికి 4, మంత్రికి మిగిలినవాటిలో 6, రెండు గుర్రాలకు 10 రకాల అమరిక; మిగిలిన మూడు గళ్ళలో ఏనుగు, రాజు, ఏనుగు వాటంతటవే కూర్చుంటాయి. 4ను 4తో, 6తో, 10తో గుణిస్తే 960. అందుకే దీన్ని చెస్ 960 అంటారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే గుర్తింపుతో దీనికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2019లో మొదటిసారి జరిగింది. (శకటాలు, ఏనుగుల పేర్లు ఊరికో రకంగా తారుమారవుతాయి, ఇక్కడ శకటమంటే ఏటవాలుగా నడిచేది, ఏనుగంటే తిన్నగా నడిచేది.)

## ఆడి చూసేటప్పుడు

ఒకేసారి ఎన్ని నియమాలు మార్చవచ్చు?

ఒకటి. రెండు మార్చి ఆట బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు, చెడితే దేన్ని తీసేయాలో తెలియదు.

కొత్త నియమం పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

నియమం పెట్టడానికి కారణమైన ఫిర్యాదునే కొలవాలి. ఆట సాగదీతగా ఉందన్నది ఫిర్యాదైతే గడియారం చూసి నిమిషాలు రాయండి. ఒకరే గెలుస్తున్నారన్నది ఫిర్యాదైతే విజేతల పేర్లు రాయండి. ఊరికే కూర్చోవాల్సి వస్తోందన్నది ఫిర్యాదైతే ఎవరికి ఎన్ని ఖాళీ వంతులు వచ్చాయో గీతలు పెట్టండి. ఐదారు ఆటలైనా ఆడాలి, ఎందుకంటే పాచిక ఆటల్లో ఒక్క ఆట ఏమీ రుజువు చేయదు.

అంకెల కంటే నేను ఎక్కువగా నమ్మే గుర్తు మరొకటి ఉంది. తన వంతు కానప్పుడు ఆటగాడి చూపు ఎక్కడుందో గమనిస్తాను. బోర్డు మీద ఉంటే నియమం పనిచేస్తున్నట్టు, సెల్‌ఫోను మీద ఉంటే ఇంకా పని మిగిలి ఉన్నట్టు.

ఆట మధ్యలో నియమం మార్చవచ్చా?

అందరూ ఒప్పుకున్నా మార్చకపోవడమే మంచిది. మధ్యలో మార్చిన ప్రతి నియమం ఆ క్షణంలో ఎవరో ఒకరికి లాభిస్తుంది. ఓడినవారు దాన్ని తొండి అంటారు, వారి మాటలో కొంత నిజం ఉంటుంది. ఎవరూ ఊహించని సందర్భం వచ్చి నియమమే లేకపోతే, అప్పటికి గవ్వలు వేసి తేల్చుకుని, శాశ్వతమైన నియమాన్ని ఆట ముగిశాక నిర్ణయించండి.

## తగాదా వచ్చినప్పుడు

చుట్టాలు వచ్చి "మా ఇంట్లో ఇలా ఆడం" అంటున్నారు. ఎవరి మాట నెగ్గాలి?

ఎవరి ఇంట్లో ఆడుతున్నారో ఆ ఇంటి నియమం నెగ్గాలి, కానీ దాన్ని మొదటి వంతుకు ముందే చెప్పి ఉండాలి. చెప్పని నియమాన్ని అతిథి మీద ప్రయోగించే హక్కు ఆ ఇంటివారికి లేదు. రెండు ఆటలు ఆడే సమయం ఉంటే ఒకటి మీ పద్ధతిలో, ఒకటి వారి పద్ధతిలో ఆడండి; మా ఇంటి నియమాలలో సగం ఇలా చుట్టాల నుంచి దిగుమతైనవే.

తయారీదారు మాటే తుది తీర్పు అనుకోనవసరం లేదు. ఉనో పేకాటలో ఒకరు నాలుగు ముక్కలు తీయించే కార్డు వేస్తే దాని మీద ఇంకొకరు రెండు ముక్కలు తీయించే కార్డు వేసి భారాన్ని ముందుకు నెట్టకూడదని 2019లో ఆ ఆట తయారీదారులే చెప్పారు. చాలామంది ఒప్పుకోలేదు, ఇళ్ళలో ఇప్పటికీ నెడుతూనే ఉన్నారు.

క్యారమ్స్‌లో రెడ్ పడ్డాక ఫాలో పడలేదు, తర్వాతి వంతులో వేస్తానంటున్నాడు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోకూడదు. రెడ్ వేసిన వెంటనే వచ్చే అదనపు కొట్టులో తన కాయిన్ ఒకటి వేసి దాన్ని ఖాయం చేసుకోవాలి, లేకపోతే రెడ్ తిరిగి బోర్డు మధ్యకు వస్తుంది. ఇళ్ళలో ఎక్కువగా తగాదా తెచ్చేది నిజానికి ఫాలో కాదు, పాయింట్లు. నలుపుకు 10, తెలుపుకు 20, రెడ్‌కు 50 అని ఆడే చోట అందరూ తెల్లవాటి మీదే పడతారు, రెడ్ మీద పడ్డవాడు ఆటను ఎగరేసుకుపోతాడు. అంతర్జాతీయ పోటీల్లో ఒకరు నల్లవి, ఒకరు తెల్లవి వేస్తారు, రెడ్ విలువ 3 పాయింట్లు, ఆట 25కు. ఇద్దరే ఉన్నప్పుడు ఆ పద్ధతికి మారితే తగాదా దానంతట అదే పోతుంది. నలుగురైదుగురు విడివిడిగా ఆడాలనుకుంటే పాయింట్ల పద్ధతే ఉంచి, రెడ్‌ను 30కి దించి చూడండి.

పాచిక మంచం కిందికి వెళ్ళింది. అక్కడ ఆరు కనిపిస్తోంది. చెల్లుతుందా?

చెల్లదు. ఒక పళ్ళెంలో వేయించండి, పళ్ళెం దాటితే మళ్ళీ వేయాలి.

## ఆట కుదిరిన తర్వాత

మా నియమాలను ఎలా రాసిపెట్టుకోవాలి?

బోర్డు వెనక వైపు అంటించగలిగినంత చిన్న కాగితం మీద రాయండి. మామూలు నియమాలన్నీ మళ్ళీ రాయక్కర్లేదు, మీరు మార్చినవి చాలు. "కాయను చంపవచ్చు" అని రాసి ఆపేస్తే వచ్చే ఏడాది మళ్ళీ గొడవ మొదలవుతుంది. "కోట గడిలో ఉన్న కాయను చంపరాదు, జోడుగా ఉన్నవాటిని జోడు మాత్రమే చంపాలి" అన్నంత కచ్చితంగా రాయాలి. తేదీ కూడా వేయండి. మా అష్టా చెమ్మా కాగితం మీద ఒక నియమాన్ని మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాము. ఆ కొట్టివేతలను చెరపకుండా ఉంచాము, లేకపోతే వీగిపోయిన ఆలోచననే ఎవరో మళ్ళీ కొత్తగా తెస్తారు.

మేము మార్చిన ఆటను అచ్చువేసి అమ్ముకోవచ్చా?

పాత ఆటల నుంచి మీరు తయారుచేసిన రూపాన్ని అమ్ముకోవచ్చు, కానీ నియమాల మీద గుత్తహక్కు దొరకదు. భారత పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 3(ఎమ్) ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంటు ఇవ్వరు. మీరు గీయించిన బొమ్మలకు, రాసిన వాక్యాలకు 1957 నాటి కాపీరైట్ చట్టం రక్షణ ఇస్తుంది. వాటి వెనకనున్న ఆలోచనకు కాదు. ఇతరుల బ్రాండు పేరును మాత్రం పెట్టె మీద వాడకండి. అష్టా చెమ్మా, పులి–మేక పేర్లు అందరివీ.

పిల్లలు అమెరికాలో ఉన్నారు. వీడియో కాల్‌లో ఏ ఆట కుదురుతుంది? ఏమి మార్చాలి?

పాచిక లేని ఆటలు బాగా కుదురుతాయి. పులి–మేక పటాన్ని రెండు ఇళ్ళలోనూ గీసుకుని, 23 బిందువులకూ పైనుంచి కిందికి అంకెలు వేయండి. "ఏడులోని పులి తొమ్మిదికి" అంటే చాలు, ఇద్దరూ తమ తమ పటాల మీద జరుపుతారు. మూడు కాయలు వరుసగా చేర్చే దాడి ఆటను కూడా 24 బిందువులకు అంకెలు వేసి ఇలాగే ఆడవచ్చు.

గవ్వల ఆటకైతే ఒక మార్పు కావాలి. ఎవరి గవ్వలు వారు కెమెరా ముందు పళ్ళెంలో వేయాలి, ఎదుటి ఇంటివారు అంకెను పైకి చదివిన తర్వాతే కాయ జరపాలి. మనవరాలు అక్కడ ఉదయం పాలు తాగుతూ, నానమ్మ ఇక్కడ రాత్రి మందులు వేసుకుంటూ ఆడతారు కనుక ఒకే కాల్‌లో ఆట ముగియకపోవచ్చు. కాల్ పెట్టేసే ముందు ఇద్దరూ తమ పటాన్ని ఫొటో తీసి ఒకరికొకరు పంపుకోవాలి. మరుసటి వారం "నా కాయ ఇక్కడే ఉండింది" అన్న మాట మా ఇంట్లో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నానమ్మ వైపు నుంచే.